చలి ముదరకముందే: పట్టాల అల్ట్రాసోనిక్ పరీక్షలో జాగ్రత్తలు

పట్టాలు ఎక్కువగా విరిగేది చలికాలం తెల్లవారుజామునే. పొడవాటి వెల్డు పట్టాను 40 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి తీసి బిగించారనుకోండి. కాజీపేట–బల్లార్షా మార్గంలో సిర్పూర్ కాగజ్‌నగర్ వైపు వేకువన అదే పట్టా 10 డిగ్రీలకు చల్లబడితే, కుంచించుకోవడానికి చోటు లేక ఆ 30 డిగ్రీల తేడా అంతా లాగుడుగా మారుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఆ లాగుడు సుమారు 55 టన్నులు. ఎండాకాలమంతా నొక్కుకుని ఉన్న పగులు నోరు తెరిచేది అప్పుడే. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో చేసే పరీక్షను మామూలు రౌండులా కానిచ్చేయకూడదు.

ఆ పరీక్షకు వెళ్ళేవాళ్ళు ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. ట్రాలీ మీది ప్రోబ్ ధ్వని తరంగాన్ని పట్టాలోకి పంపి, లోపాన్ని తాకి తిరిగొచ్చే ఎకోను తెర మీద చూపిస్తుంది. తరంగాన్ని ఏటవాలుగా పంపే 70 డిగ్రీల ప్రోబ్ తెర మీద ఏమీ రాలేదంటే పట్టాలో లోపం లేదనైనా అర్థం, తరంగం లోపలికే వెళ్ళలేదనైనా అర్థం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి ‘బాగుంది’ అని రాసే ముందు తరంగం వెళ్ళిందని రుజువు కావాలి.

ఆ రుజువు తరంగాన్ని నిటారుగా కిందికి పంపే సున్నా డిగ్రీల ప్రోబ్ దగ్గర దొరుకుతుంది. పట్టా అడుగు నుంచి వచ్చే ఎకో నిలకడగా ఉందా అని చూస్తూ నడవండి. అది పడిపోయిందంటే తరంగాన్ని ప్రోబ్ నుంచి పట్టాలోకి దాటించే నీళ్ళు అందడం లేదు, లేదా మధ్యలో ఏదో అడ్డం ఉంది. నీళ్ళు సరిచేసి, పట్టా తల తుడిచి, అదే చోట మళ్ళీ నడిపించండి. అప్పటికీ ఎకో రాకపోతే అది అనుమానించాల్సిన చోటు. వేరే ఎకో ఏదీ కనిపించలేదు కదా అని వదిలేయకండి. ఏటవాలుగా ఉన్న పగులు తరంగాన్ని పక్కకు తిప్పేస్తుంది, అలాంటప్పుడు అడుగు ఎకో మాయమవడమొక్కటే గుర్తు.

స్టేషన్ లైన్లలో గ్రీజు, ఇసుక, మట్టి ఉంటాయి. వాటిని శుభ్రం చేయకుండా ట్రాలీ తోస్తే కిలోమీటర్ల లెక్క పెరుగుతుందే గానీ పరీక్ష జరగదు. వంపుల్లో లోపలి అంచున చక్రాల ఒత్తిడికి పుట్టే సన్న పగుళ్ళు ఇంకా ప్రమాదం. పైనున్న పగుళ్ళ దగ్గరే తరంగం చెదిరిపోయి, కింద పాకుతున్న పెద్ద పగులు నీడలో ఉండిపోతుంది. 2000 అక్టోబరు 17న ఇంగ్లండ్‌లో హాట్‌ఫీల్డ్ దగ్గర ఇలాంటి పగుళ్ళున్న పట్టానే రైలు కింద ముక్కలైంది. నలుగురు చనిపోయారు. పరీక్షకు లొంగని చోటును ‘పరీక్ష కాలేదు’ అని విడిగా రాసి, అదే రోజు సెక్షన్ ఇంజనీరు దృష్టికి తీసుకెళ్ళాలి. ఆ ఖాళీని ‘బాగుంది’తో పూడ్చడం నా దృష్టిలో లోపాన్ని దాచడంతో సమానం.

థర్మిట్ వెల్డుల (పట్టా చివరల మధ్య కరిగిన ఉక్కు పోసి చేసిన అతుకుల) విషయంలో పైనుంచి ట్రాలీ నడిపితే సరిపోదు. పట్టా పాదం అంచుల్లోకి ఆ తరంగం చేరదు, అక్కడ పుట్టే పగుళ్ళు దానికి దొరకవు. కంకర తీసి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, చేతి ప్రోబ్‌తో రెండు వైపులా చూడాలి. ఒళ్ళు వంచి చేయాల్సిన పని ఇది. మనుషులు చాలకపోతే రోజువారీ దూరం తగ్గించండి, వెల్డులను వదలకండి.

కొలత తెలిసిన రంధ్రాలున్న నమూనా పట్టా ముక్క మీద పరికరాన్ని పొద్దున్నే సరిచూడటం అందరూ చేస్తారు. పని ముగిశాక కూడా చూడాలని నేనంటాను. సాయంత్రం ఎకో ఎత్తు తగ్గిందని తేలితే, చివరిసారి సరిగ్గా ఉన్నప్పటి నుంచి నడిచినదంతా మళ్ళీ నడవాల్సిందే. ప్రోబ్ అడుగు అరిగితే తరంగం కోణం మారుతుంది. వేకువ చలికీ మధ్యాహ్నపు ఎండకీ మధ్య ప్రోబ్‌లో తరంగాన్ని వంచే ప్లాస్టిక్ ముక్కలో (వెడ్జ్) ధ్వని వేగం మారి కూడా కోణం జరుగుతుంది. 70 డిగ్రీల ప్రోబ్‌లో ఈ తేడా మరీ ఎక్కువ.

ఇక మనిషి. 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో కూలిన విమానం ఇంజిన్ డిస్కులో, పగులు మీద అంతకుముందు చేసిన పెనెట్రంట్ పరీక్ష (పగుళ్ళలోకి ఇంకే ద్రవంతో చూసేది) రసాయనాల జాడ దొరికింది. అంటే పరీక్ష నాటికే పగులు ఉంది, కంటికి తప్పింది. వందమందికి పైగా పోయారు. అందుకే తెరకు ఎండ పడకుండా మూత పెట్టండి, ఆపరేటర్‌ను మధ్యమధ్య మార్చండి, రాత్రి డ్యూటీ చేసినవారిని పొద్దున్నే ట్రాలీ మీద పెట్టకండి.

ఆపరేటర్ సామర్థ్యాన్ని సర్టిఫికెట్ చూసి నిర్ణయించకండి. లోపాలున్న పట్టాముక్కలను మంచివాటితో కలిపి, ఏది ఏదో చెప్పకుండా పరీక్షించమనండి. ఒకే పరిమాణంలో ఉన్న 29 లోపాల్లో 29నీ పట్టుకుంటేనే, అలాంటివి నూటికి 90 పట్టగలరని 95 శాతం నమ్మకంతో చెప్పగలం. పదికి పది పట్టినా లెక్కప్రకారం ఆ నమ్మకం రాదు. మంచి ముక్కల్లో లోపం ఉందన్న సందర్భాలనూ లెక్కపెట్టండి.

లోపం దొరికాక ఎర్ర రంగు గుర్తు, జాగిల్డ్ ఫిష్‌ప్లేటు (లోపమున్న చోట పట్టా పక్కన బిగించే వంపు ఇనుప పలక), వేగ పరిమితి, పట్టాల వెంట రోజూ నడిచి చూసే కీమన్‌కు కబురు నిబంధనల ప్రకారం వెంటనే జరగాలి. అయినా ఎక్కడైనా పట్టా విరిగితే ఆ ముక్కను తుక్కులో పడేయకండి. పాత రికార్డు తీసి, ఆ చోట చివరిసారి ఎవరు, ఏ సెట్టింగ్‌తో నడిచారో చూడండి. ఆ ముక్క మీద అదే ప్రోబ్ పెట్టి పగులు కనిపిస్తుందో లేదో తేల్చి, ఫలితాన్ని పక్క సెక్షన్ల ఆపరేటర్లకూ పంపండి.