స్కాన్‌కోడు నుండి అక్షరం దాకా: ఒకే పట్టికతో తెలుగు, ఒడియా

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివిన విద్యార్థి సరదాగా సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి పూనుకుంటే, అందులో రెండు లిపులూ టైపు చేయగలగాలని కోరుకోవడం సహజమే. ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసరును పిలిచే సంకేతం) వచ్చిన చోటనే, కీబోర్డు పంపే కీ సంఖ్యను, అంటే స్కాన్‌కోడును ఇంగ్లీషు అక్షరంగా మార్చేసే పద్ధతిని అనుసరిస్తే మాత్రం ఆ కోరిక తీరదు. కీబోర్డు మనకు తెలిపేది ఏ స్థానంలోని కీ కదిలిందన్న సంగతి మాత్రమే కనుక, ఆ స్థానానికి ఏ అక్షరం చెందుతుందో తేల్చే పని వేరే అంచెలో జరగాలి. ఇక్కడ ఇచ్చిన సంఖ్యలన్నీ దశాంశ పద్ధతిలోనివి.

పీఎస్‌2 అనే పాత తరహా అనుసంధానంతో పనిచేసే కీబోర్డు తన సహజ స్థితిలో రెండవ సెట్టు (కీలకు సంఖ్యలిచ్చే పట్టికల్లో రెండవది) కోడులను పంపుతుంది. అనువాదం అమలులో ఉన్నంతవరకు కంప్యూటరులోని 8042 అనే కీబోర్డు కంట్రోలరు వాటిని మొదటి సెట్టులోకి మార్చి, 96వ పోర్టులో ఉంచి, ఐఆర్‌క్యూ 1 అనే ఇంటరప్ట్ ద్వారా ప్రాసెసరుకు కబురు పంపుతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లరు చేయవలసినదల్లా ఆ పోర్టు నుండి బైటు చదివి, వలయాకారపు బఫరులో (తాత్కాలిక నిల్వలో) వేసి, ఇంటరప్ట్ కంట్రోలరుకు చెందిన 32వ పోర్టుకు 32 రాసి, ఇంటరప్ట్ ముగిసిందని తెలపడమే. చదవకుండా వదిలేస్తే తరువాతి బైటు రాదు, కీబోర్డు మొరాయించినట్టు కనిపిస్తుంది. స్క్రీన్ మీద రాయడం వంటి పనులు హ్యాండ్లరులో పెట్టడం నా దృష్టిలో మంచిది కాదు.

బఫరులోని బైట్లను విప్పే భాగం సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లో వేరే ఫంక్షన్‌గా ఉండాలి. మామూలు కీని నొక్కినప్పుడు 128 కంటే తక్కువ సంఖ్య వస్తుంది, వదిలినప్పుడు అదే సంఖ్యకు 128 కలిసి వస్తుంది. కె కీని నొక్కితే 37, వదిలితే 165. ఎడమ షిఫ్టు 42, కుడి షిఫ్టు 54 కాబట్టి, రెండింటికీ వేర్వేరు బిట్లు కేటాయించకపోతే, రెండూ పట్టుకుని ఒకటి వదిలినప్పుడు షిఫ్టు పూర్తిగా పోయినట్టు లెక్క తప్పుతుంది. క్యాప్స్‌లాక్ కోడు 58; కీని నొక్కి ఉంచితే అదే కోడు మళ్లీ మళ్లీ వస్తుంది కనుక, అది అంతకుముందు పైకి లేచి ఉన్నప్పుడు మాత్రమే స్థితిని మార్చాలి.

224 వస్తే అది పూర్వసూచిక మాత్రమే. దానిని గుర్తుపెట్టుకుని తరువాతి బైటుతో కలిపి చదవాలి. ఉదాహరణకు 72 ఒక్కటే వస్తే అంకెల భాగంలోని 8, 224 తరువాత 72 వస్తే పై బాణం. ప్రింట్‌స్క్రీన్ నొక్కితే 224, 42, 224, 55 వస్తాయి. ఇందులోని 42ను నిజమైన షిఫ్టుగా లెక్కపెట్టకూడదు. పాజ్ కీ 225తో మొదలై ఆరు బైట్లు పంపుతుంది, వదిలినప్పుడు ఏమీ పంపదు, కాబట్టి 225 కనబడగానే మరో ఐదు బైట్లు మింగేయడమే సులువు.

ఇక అక్షరాల అంచె. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో భారతీయ లిపుల హల్లులకు, గుణింత గుర్తులకు చాలావరకు ఒకే కీలు కేటాయించారు. కె కీ మీద తెలుగులో క, ఒడియాలోనూ కకారమే ఉంటాయి. అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఈ లిపుల విభాగాలు 1988 నాటి ఇస్కీ (భారతీయ లిపుల సంకేత ప్రమాణం) క్రమాన్ని అనుసరించినందున, లిపి మారినా అక్షరం తన వరుసలోని చోటు మారదు. తెలుగు విభాగం 3072 దగ్గర, ఒడియా విభాగం 2816 దగ్గర మొదలవుతాయి. సున్నా నుండి లెక్కిస్తే క రెండింటిలోనూ 21వ చోట ఉంది, ఖ 22వ చోట. అందుచేత 37కు ఎదురుగా పట్టికలో 21 అని, షిఫ్టుతో కలిసినప్పటి గడిలో 22 అని రాసుకుంటే చాలు. ఎంచుకున్న లిపి ఆరంభ సంఖ్యను కలపగానే అక్షరం వస్తుంది. లిపి మార్చడానికి కుడి ఆల్ట్ వాడుకోవచ్చు, అది 224 తరువాత 56గా వస్తుంది. క్యాప్స్‌లాక్‌ను ఇంగ్లీషుకే పరిమితం చేయడం మేలు.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. హ్రస్వమైన ఎ, ఒ (14, 18), వాటి గుణింత గుర్తులు (70, 74), బండి ఱ (49) తెలుగులో ఉన్నాయి గాని, ఒడియా విభాగంలో ఆ చోట్లు ఖాళీ. తెలుగులో లేని ఒడియా చుక్క అక్షరాలు 92, 93 చోట్ల ఉన్నాయి. కాబట్టి కూడిక చేసే ముందు, ఆ లిపిలో ఆ చోటు చెల్లుతుందో లేదో చూసే చిన్న పరీక్ష ఒకటి పెట్టి, చెల్లకపోతే ఏ అక్షరమూ ఇవ్వకుండా ఊరుకోవాలి.

స్క్రీన్ మీద నేరుగా అక్షరాలు చూపే వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో ఈ లిపులు కనబడవు కనుక, ఫాంటు గొడవ పెట్టుకోకుండా అక్షరాన్ని యూటీఎఫ్-8 అనే బైట్ల రూపంలోకి మార్చి సీరియల్ పోర్టు ద్వారా బయటికి పంపి, క్యూఎము (కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాము) నడుస్తున్న కంప్యూటరు టెర్మినల్‌లో చూసుకోవడం తేలిక. కె కీకి తెలుగులో 224, 176, 149 అనే మూడు బైట్లు, ఒడియాలో 224, 172, 149 వెళ్లాలి. ఇక్కడి 224కు కీబోర్డు పూర్వసూచికతో ఏ సంబంధమూ లేదు. లాగ్ చదివేటప్పుడు రెండింటినీ కలగాపులగం చేసుకోకుండా, పోర్టు నుండి వచ్చిన బైట్లను ఒక ఫైలులోకి, బయటికి వెళ్లే బైట్లను మరొక ఫైలులోకి మళ్లించాలి.