మంచుకొండల్లో స్నోమొబైల్ నడిపేవాళ్లు జీపీఎస్ రేడియో ఎలా ఎంచుకోవాలి?

మోంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్ దాటి స్నోమొబైల్ మీద అడవిలోకి కాస్త దూరం పోయామంటే జేబులో ఫోన్ ఉత్త కెమెరా. పైగా ఇంజిన్ మోత, నెత్తిన హెల్మెట్, కళ్లముందు ఎగిరే మంచుపొడి. వెనక వచ్చేవాడి బండి ఎక్కడ కూరుకుపోయిందో ముందువాడికి తెలియదు. తిరిగి చూస్తే చెట్లు తప్ప మనిషి ఉండడు. జీపీఎస్ ఉన్న హ్యాండ్ రేడియో అవసరం అప్పుడు తెలుస్తుంది. మాట వినిపిస్తుంది, మనిషి ఎక్కడున్నాడో మ్యాప్ మీద చుక్కలా కనిపిస్తుంది.

1. కొనే ముందు మీ బ్యాచ్‌తో మాట్లాడండి

నేను ఈ పని చేయలేదు. ఖరీదైన సెట్ ఒకటి కొనుక్కుని గొప్పగా బయల్దేరాను. మిగతా ముగ్గురి దగ్గరా మామూలు రేడియోలే. మాటలు బాగానే వినిపించాయి కానీ, నా మ్యాప్ మీద రోజంతా నేనొక్కడినే ఉన్నాను!

గార్మిన్ రైనో లాంటి సెట్లు మన లొకేషన్‌ను రేడియో తరంగాల మీదే అవతలి సెట్‌కు పంపుతాయి. అవతల ఉన్నది కూడా రైనో అయితేనే ఆ చుక్క కనిపిస్తుంది. కాబట్టి అందరూ ఒకే రకం కొనాలి, లేదంటే కనీసం ముందు నడిపేవాడి దగ్గర, అందరికన్నా వెనక వచ్చేవాడి దగ్గర అదే సెట్ ఉండాలి. అదీ కుదరదంటే, తలా ఒక మామూలు రేడియో కొని, ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసిన ఫోనో విడి జీపీఎస్సో పెట్టుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.

ఆ చుక్కను మరీ నమ్మకండి. అమెరికా నిబంధనల ప్రకారం ఈ సెట్లు లొకేషన్‌ను తమంతట తాము 30 సెకన్లకు ఒకసారికి మించి పంపకూడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు ఆలోపు అర కిలోమీటరు దాటిపోతాడు. పైగా మధ్యలో కొండ అడ్డొచ్చి మాట అందలేదంటే చుక్క కూడా అందదు. రెండూ వచ్చేది ఒకే దారిలో కదా.

2. డబ్బా మీద మైళ్లు చూసి మోసపోకండి

కొన్ని సెట్ల డబ్బాల మీద 36 మైళ్లు అని రాసి ఉంటుంది. ఈ శిఖరం మీద ఒకరు, ఆ శిఖరం మీద ఒకరు నిలబడి, మధ్యలో ఏ అడ్డూ లేకపోతే వచ్చే లెక్క అది. ఈ రేడియోలు పనిచేసే 462 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. గట్టు అడ్డొస్తే అంతే. లోయలో, చెట్ల మధ్య ఒకటి రెండు మైళ్లు అందితే సంతోషించాలి. 2 వాట్ల సెట్‌కు, 5 వాట్ల సెట్‌కు తేడా ఉంటుంది కానీ, పక్కనున్న గట్టెక్కి మాట్లాడితే వచ్చే తేడా అంతకన్నా ఎక్కువ.

అమెరికాలో 2 వాట్ల లోపు ఉండే ఎఫ్‌ఆర్‌ఎస్ అనే తరగతి రేడియోకు లైసెన్స్ అక్కర్లేదు. జీఎంఆర్‌ఎస్ అనే పై తరగతికి చెందిన 5 వాట్ల సెట్‌కు కావాలి. పరీక్షేమీ లేదు, రేడియోలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కడితే 10 ఏళ్లు చెల్లుతుంది, ఇంట్లోవాళ్లందరూ వాడుకోవచ్చు. 18 ఏళ్లు నిండితే చాలు, సిటిజన్ కానక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ నిశ్చింతగా తీసుకోవచ్చు. స్నేహితులకు మాత్రం మీ లైసెన్స్ వర్తించదు. కెనడాలో ఈ రకం సెట్లకు పరిమితి 2 వాట్లే కాబట్టి రెవెల్‌స్టోక్ ట్రిప్ ప్లాన్ ఉన్నవాళ్లు అది కూడా చూసుకుని కొనండి.

3. గ్లవ్స్ వేసుకుని పరీక్షించండి

షాపుకు మీ మంచు గ్లవ్స్ తీసుకెళ్లండి. జనం చూసి నవ్వినా పర్లేదు. వాటిని వేసుకునే చానల్ మార్చండి, సౌండ్ పెంచండి, మాట్లాడే బటన్ నొక్కండి, మ్యాప్ మీద ఒక గుర్తు పెట్టండి. ఈ నాలుగూ సెట్ వైపు చూడకుండా చేయగలిగితే ఇంకా మంచిది.

టచ్‌స్క్రీన్ దగ్గరే వస్తుంది తంటా. దాని మీద పడ్డ మంచు కరిగి చుక్కైతే, సెట్ ఆ చుక్కను వేలనుకుంటుంది. మీరు జూమ్ చేద్దామనుకుంటే అది ఇంకేదో పేజీ తెరుస్తుంది. తుడుద్దామంటే గ్లవ్ కూడా తడే. నాకైతే చిన్న స్క్రీన్ ఉన్నా సరే, గట్టి బటన్లున్న సెట్టే మేలనిపిస్తుంది.

తీగతో వేలాడే స్పీకర్ మైక్ పెట్టుకునే వీలుందో లేదో చూడండి. సెట్ లోపల వెచ్చగా ఉంటుంది, మైక్ భుజం పట్టీ మీద హెల్మెట్‌కు దగ్గరగా ఉంటుంది. నొక్కకుండానే మాట పోయే వాక్స్ సౌకర్యం ఉందని అమ్మేవాళ్లు ఊరిస్తారు. స్నోమొబైల్ మీద అది మీ మాటకు బదులు ఇంజిన్ మోతను అందరి చెవుల్లో పోస్తుంది. బండి ఆపి, బటన్ నొక్కి, ఒక్క సెకను ఆగి మాట్లాడండి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది, "ఆగొద్దు"లో "ఒద్దు" ఒక్కటే వినపడ్డా ఆశ్చర్యం లేదు.

4. చలిలో బ్యాటరీ సంగతి

మైనస్ 20 డిగ్రీల్లో లిథియం అయాన్ బ్యాటరీ సగం ఉందని చూపిస్తూనే, బటన్ నొక్కగానే టప్పున ఆరిపోతుంది. సాయంత్రం గదిలో హీటర్ పక్కన పెడితే మళ్లీ సగం చూపిస్తుంది! సెట్ అయినా, స్పేర్ బ్యాటరీ అయినా లోపలి జేబులోనే ఉంచండి. మామూలు ఏఏ సెల్స్ వేసుకునే వీలున్న సెట్ దొరికితే వదలకండి. వాటిలోనూ ఆల్కలైన్ కాదు, లిథియం సెల్స్ కొనండి. అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. గడ్డకట్టిన బ్యాటరీని కారెక్కగానే చార్జింగ్‌కు పెట్టొద్దు, ముందు వెచ్చబడనివ్వండి. నీళ్ల విషయంలో ఐపీఎక్స్7 గుర్తు ఉంటే చాలు.

5. అవలాంచ్ బీకన్‌కు దూరంగా పెట్టండి

మంచుచరియల కింద పడ్డవాళ్లను వెతికే బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పక్కనే రేడియో, ఫోన్, వేడినిచ్చే గ్లవ్స్ ఉంటే దాని సంకేతం చెడిపోతుంది. మామూలుగా నడిపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. ఛాతీకి ఒకవైపు బీకన్ ఉంటే రెండోవైపు రేడియో పెట్టుకోండి. ఎంత మంచి రేడియో ఉన్నా బీకన్, పార, మంచులో గుచ్చి మనిషిని వెతికే పొడవాటి కర్ర (ప్రోబ్) లేనివాడిని మాత్రం వెంట తీసుకెళ్లొద్దు.

6. ప్రాణం మీదికొస్తే రేడియో చాలదు

మీ చానల్ వినేవాళ్లు దగ్గర్లో ఉంటేనే రేడియోకు విలువ. రెస్క్యూ వాళ్లను పిలవాలంటే శాటిలైట్ కావాలి. గార్మిన్ ఇన్‌రీచ్ అనే చిన్న పరికరం ఇరిడియం శాటిలైట్ల ద్వారా మెసేజ్‌లు పంపుతుంది, దానికి సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఆపదలో బటన్ నొక్కితే శాటిలైట్‌కు సాయం కోరే సంకేతం పంపే పీఎల్‌బీకి సబ్‌స్క్రిప్షన్ లేదు. అమెరికాలో నోవా అనే ప్రభుత్వ వాతావరణ సంస్థ దగ్గర రిజిస్టర్ చేసి ఉంచుకుంటే సరిపోతుంది, కానీ దాంతో కబుర్లు చెప్పలేం. ఏది కొన్నా బండి బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండాలి. బండి లోయలోకి జారిపోతే మీరు గట్టు మీద ఖాళీ చేతులతో మిగిలిపోతారు.

ఇండియా వెళ్లేటప్పుడు ఇన్‌రీచ్‌ను సూట్‌కేసులో పెట్టుకోకండి. అనుమతి లేకుండా శాటిలైట్ పరికరాలు తేవడం అక్కడ నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడ్డవాళ్లు ఉన్నారు. గుల్‌మార్గ్‌లో స్నోమొబైల్ ఎక్కాలన్నా అది ఇక్కడే వదిలి వెళ్లండి.

7. పార్కింగ్‌లోనే అన్నీ సరిచూసుకోండి

వెస్ట్ ఎల్లోస్టోన్ వైపు మంచుచరియల ప్రమాదం ఎంతుందో చెప్పే గాలటిన్ అవలాంచ్ సెంటర్ బులెటిన్ ఆ ఉదయం చదివారా? మ్యాప్‌లు సెట్‌లోకి ఎక్కాయా? కారు ఉన్న చోట గుర్తు పెట్టారా? తర్వాత చానల్, దాంతోపాటు ప్రైవసీ కోడ్. పేరు చూసి మన మాటలు దాచేస్తుందనుకుంటారు, కానీ అది దాచేదేమీ లేదు. మిగతావాళ్ల మాట మనకు వినపడకుండా చేస్తుంది, అంతే. ఒకసారి మా వాడొకడి సెట్‌లో పొరపాటున ఏదో కోడ్ పడింది. వాడి మాట మాకు వినిపిస్తోంది, మా మాట వాడికి వినిపించడం లేదు. మేం పిలిచినా పలకడం లేదని మేమూ, ఎవరూ జవాబివ్వడం లేదని వాడూ మధ్యాహ్నం దాకా అలిగి కూర్చున్నాం.

అందరి సెట్లలోనూ కోడ్ సున్నా చేయండి. ఒకడిని పార్కింగ్ చివరికి పంపి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవమనండి. అందరూ పలికాకే బళ్లు స్టార్ట్ చేయండి.