కుండీ మార్చే ముందు చూసుకోవాల్సినవి

కుండీ మార్చాక మొక్క చచ్చిపోతే మట్టినో ఎండనో తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు కుండీ సైజుది. ఎలాగూ పెరుగుతుంది కదా అని, పిల్లాడికి రెండేళ్లు సరిపడా చొక్కా కొన్నట్టు, ఒకేసారి పెద్దదాంట్లోకి మార్చేస్తారు. వేళ్లు ఇంకా చేరని మట్టిలో తడి రోజుల తరబడి ఆరదు, గాలి ఆడదు, వేరుకుళ్లు మొదలవుతుంది. పైన ఆకులు వాడిపోతుంటే నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. దాంతో సరి.

పాతదానికన్నా ఒకటి రెండు అంగుళాలు వెడల్పున్న కుండీ చాలు. 6 అంగుళాలదాంట్లో ఉన్న మొక్కకి 8 అంగుళాలది, అంతకు మించొద్దు. 

అడుగున కన్నం లేని కుండీలో నేరుగా నాటకండి. చూడముచ్చటగా ఉంది, వదల్లేం అనుకుంటే, కన్నాలున్న మామూలు ప్లాస్టిక్ కుండీలో నాటి దాన్ని ఇందులో దించండి, చేరిన నీళ్లు పారబోస్తూ ఉండండి. అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది అందరూ చెప్పే మాటే గానీ నిజం కాదు. మట్టి పూర్తిగా నానితే తప్ప అందులోని నీళ్లు రాళ్ల మధ్య ఖాళీల్లోకి జారవు. అడుగున నిలవాల్సిన తడి రాళ్ల మీదికి, అంటే వేళ్లకి ఇంకా దగ్గరికి వస్తుంది. మట్టి కారిపోకుండా కన్నం మీద చిన్న జాలీ ముక్క వేస్తే సరిపోతుంది.

పొట్ట లావుగా, మూతి సన్నగా ఉన్న కుండీ కొనకండి. వేళ్లు పొట్టనిండా అల్లుకున్నాక మొక్క బయటికి రాదు. కుండీ పగలగొట్టాలి, లేదా వేళ్లు కోయాలి.

మట్టి కుండీ త్వరగా ఆరుతుంది, కాబట్టి కాక్టస్ లాంటివాటికి హాయి. కొత్తదైతే నాటేముందు నీళ్లలో నానబెట్టండి, లేదంటే అదే తడి పీల్చేస్తుంది. ప్లాస్టిక్‌లో తడి ఎక్కువసేపు ఉంటుంది. నల్లవి, రేకువి ఎండలో కాగి వేళ్లను ఉడికిస్తాయి. పురుగుమందులు, రసాయనాలు ఉన్న డబ్బాల్లో ఎంత కడిగినా కూరగాయలు పెంచొద్దు. వాడిన కుండీలను రుద్ది కడిగాక, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, అందులో పది నిమిషాలు ముంచి, మళ్లీ బాగా కడగండి. ఆ బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఇంకే క్లీనర్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపడానికి అమ్మే మట్టి మిశ్రమం) సంచీ విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టండి. ఆ దుమ్ములో లెజియోనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, పీలిస్తే న్యుమోనియా రావచ్చు. మాస్కు వేసుకుని, కాస్త నీళ్లు చల్లి, అప్పుడు కలపండి. తెల్లటి పాలు కారే యుఫోర్బియా జాతి మొక్కలైతే గ్లౌజులు తప్పనిసరి, వాటి పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

మొక్కకి ముందురోజే నీళ్లు పోయండి. కాండం పట్టుకు లాగకండి. కుండీని పక్కకి వంచి, చుట్టూ తట్టి, మట్టిగడ్డ మొత్తం చేతిలోకి తీసుకోండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లు మంచివి. గోధుమరంగులో మెత్తబడి, వేలితో పట్టుకోగానే పైపొర ఊడొచ్చి, కుళ్లువాసన వేస్తే అక్కడికి కోసేయండి. గుండ్రంగా చుట్టుకున్న వేళ్లని చేత్తోనే మెల్లగా విడదీయండి. విడదీయకపోతే కొత్త కుండీలోనూ అలాగే తిరుగుతుంటాయి.

పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటి, పైన ఒక అంగుళం ఖాళీ వదలండి. పెద్ద కుండీ అయితే ఉండాల్సిన చోటే పెట్టి నింపండి, తడిసిన మట్టితో దాన్ని జరపబోతే నడుము పడుతుంది. నాటిన వెంటనే నిండా నీళ్లు పోయాలి. కాక్టస్, సక్యులెంట్లకి (దళసరి ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్కలకి) మాత్రం తెగిన వేళ్లు ఆరేదాకా కొన్ని రోజులు ఆగాలి. వారం పాటు నీడపట్టున ఉంచండి, నెలరోజులు ఎరువు జోలికి పోకండి. ఈలోగా రెండు మూడు ఆకులు పండి రాలినా, వేరు పట్టిందో లేదోనని పెకలించి చూడొద్దు.