బాత్రూమ్ మరకలు వదలడం లేదా? ముందు అది ఏ మరకో తేల్చుకోండి

చేతులు నొప్పి పుట్టేలా తోమినా మరక కదలట్లేదంటే, ఆ మరకకు సరిపడనిదేదో వాడుతున్నారన్నమాట.

సమస్య: కుళాయి, షవర్, బకెట్ల మీద తెల్లటి గార.
కారణం: నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. తడి ఆరిన ప్రతిసారీ పొర మీద పొర పేరుకుంటాయి. అనుమానంగా ఉంటే ఒక చుక్క వెనిగర్ వేయండి. సన్నగా బుడగలు వస్తే గారే.
పరిష్కారం: గారను కరిగించేది ఆమ్లం. వెనిగర్ గానీ, గ్లాసు వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) గానీ సరిపోతుంది. ఊరికే చల్లితే జారిపోతుంది కాబట్టి, పాత గుడ్డను అందులో తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. షవర్‌కైతే కవర్లో వెనిగర్ పోసి రబ్బరు బ్యాండుతో కట్టేయండి. మెరుపు పూత ఉన్నవాటికి రాత్రంతా వదిలేయకండి, పూత దెబ్బతింటుంది. మార్బుల్ జోలికి అసలు పోవద్దు. ఆ రాయిలో ఉన్నదీ కాల్షియం కార్బొనేటే కాబట్టి, గారతోపాటు దాని నునుపూ పోతుంది.

వెనిగర్‌లో వంటసోడా కలిపితే వచ్చే నురగ చూసి మోసపోకండి. అవి ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. దేనికది విడిగా వాడాలి.

సమస్య: టైల్స్ మీద బూడిదరంగు జిడ్డు.
కారణం: సబ్బు, నీళ్లలోని కాల్షియంతో కలిసి కట్టిన పొర.
పరిష్కారం: వంటసోడాలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముద్దలా పూసి, పది నిమిషాలాగి తోమండి.

సమస్య: గోధుమరంగు చారలు.
కారణం: నీళ్లలో ఇనుము, లేదా తుప్పు పట్టిన స్క్రూ.
పరిష్కారం: నిమ్మరసం, ఉప్పు పట్టించి గంటసేపు ఉంచండి. బ్లీచ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది. స్క్రూ మార్చకపోతే చార మళ్లీ వస్తుంది.

సమస్య: కమోడ్‌లో నీటి అంచున పసుపు గీత.
కారణం: ఇదీ గారే, రంగు పట్టిన గార. బ్లీచ్ రంగునే తెల్లబరుస్తుంది, గార అలాగే ఉంటుంది. నాలుగు రోజులకు మళ్లీ పసుపు.
పరిష్కారం: ఒక బకెట్ నీళ్లు గబుక్కున పోస్తే లోపలి నీటిమట్టం తగ్గుతుంది. అప్పుడు నిమ్మఉప్పు నీళ్లు పోసి రాత్రంతా వదిలి, పొద్దున బ్రష్‌తో రుద్దండి. వెనిగర్, నిమ్మఉప్పు, ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్, వీటిలో ఏదీ బ్లీచ్‌తో కలవకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

సమస్య: టైల్స్ సందుల్లో నల్లమచ్చలు.
కారణం: బూజు. తడి ఆరని చోటే పెరుగుతుంది.
పరిష్కారం: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లి, పది నిమిషాల తర్వాత పాత టూత్‌బ్రష్‌తో తోమండి. సందుల్లో ఉన్నది సిమెంటు కాబట్టి ఇక్కడ వెనిగర్ పదేపదే వాడొద్దు. అంచుల్లో రబ్బరులా పూసే సిలికాన్ లోపలికే నలుపు దిగితే ఏదీ పనిచేయదు, కోసి తీసి కొత్తది వేయించాల్సిందే.

ఇవన్నీ చేసినా టైల్ మసకగానే ఉండి, వేలితో తడిమితే గరుకుగా తగిలితే అది మరక కాకపోవచ్చు. ఘాటైన యాసిడ్‌కు పైపూత పోయి ఉంటుంది. ఇక తోమడం ఆపేయండి, తోమేకొద్దీ మురికి ఇంకా త్వరగా పడుతుంది.