ఫెడరల్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారా? ముందు ప్రకటన చదవండి

పదకొండేళ్లు అకౌంట్స్ చేసినదాన్ని. అమెరికా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వంలో అకౌంటెంట్ పోస్టుకి అప్లై చేస్తే "అర్హత లేదు" అని మెయిల్ వచ్చింది. రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, రెజ్యూమెలో వారానికి ఎన్ని గంటలు పనిచేశానో ఎక్కడా రాయలేదు. ఫుల్‌టైమ్ ఉద్యోగమని చూస్తేనే తెలుస్తుంది కదా అనుకున్నాను. అమెరికా ప్రభుత్వంలో చూసి తెలుసుకునేవాళ్లు ఉండరు. కాగితం మీద ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ వాళ్లకే పోస్టాఫీసు నుంచి కస్టమ్స్ దాకా ఉద్యోగాలు. 1881లో, తనకు పదవి ఇవ్వలేదన్న కక్షతో చార్లెస్ గిటో అనేవాడు ప్రెసిడెంట్ జేమ్స్ గార్ఫీల్డ్‌ని కాల్చాడు. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, సిఫార్సు కాదు ప్రతిభ చూడాలంది. ఇప్పుడు ప్రెసిడెంట్‌తో పాటు వచ్చిపోయే రాజకీయ నియామకాలు సుమారు 4,000. మిగతా 20 లక్షల మంది దాకా సివిలియన్ ఉద్యోగుల్లో ఎక్కువ మంది ఏదో ఒక నిబంధనల జల్లెడలోంచి వచ్చినవాళ్లే. మనం దాటాల్సిందీ ఆ జల్లెడనే.

సిటిజన్‌షిప్ వచ్చాకే మొదలుపెట్టండి. గ్రీన్‌కార్డుతో దొరికేవి చాలా తక్కువ.

ఫెడరల్ ఉద్యోగాల ప్రకటనలుండే యూఎస్ఏజాబ్స్ సైట్‌లో ప్రకటన తెరవగానే జీతం మీదకు పోతుంది కన్ను. ముందు ఆ పోస్టు ఎవరికో చూడండి. "ప్రజలందరికీ" అని లేకుండా ఇప్పటికే ఫెడరల్‌లో ఉన్నవాళ్లకే అని ఉంటే, మీరెంత గొప్పగా రాసినా వృథా. ఆఖరి తేదీని కూడా నమ్మకండి. "మొదటి 100 దరఖాస్తులు అందగానే మూసేస్తాం" అని కొన్నిటిలో చిన్నగా రాసి ఉంటుంది. అలాంటిది మొదటిరోజే పంపాలి.

తర్వాత గ్రేడ్. జీఎస్ అనే జీతాల పట్టికలో 1 నుంచి 15 దాకా గ్రేడ్లు, ఒక్కోదానిలో 10 మెట్లు. దీనికి తోడు, ఉద్యోగం ఉన్న ప్రాంతంలో బయటి జీతాల స్థాయిని బట్టి కలిపే సొమ్ము వేరు. జీఎస్ 12కి వెళ్లాలంటే సాధారణంగా జీఎస్ 11 స్థాయి పని ఒక ఏడాది చేసినట్టు చూపించాలి. ప్రైవేటులో చేసిందైనా సరే, ఆ స్థాయి పని అంటే ఏమిటో ప్రకటనలోనే రాసి ఉంటుంది. అసలు కిటుకు ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది.

నేను వాటిని ప్రింట్ తీసి, ఒక్కో వాక్యం పక్కన నా పని పెన్నుతో రాసుకున్నాను. మొదటి రెజ్యూమెలో "నెలవారీ ఖాతాలు చూశాను" అని ఉండేది. రెండోసారి ఇలా మార్చాను: "ప్రతి నెలా మూడు బ్యాంకు ఖాతాలను లెడ్జర్‌తో సరిపోల్చి, తేడాలకు కారణం పట్టుకుని, సవరణ ఎంట్రీలు వేసి, ఆడిటర్లకు వివరణ రాశాను." పని అదే. మొదట చదివే హెచ్ఆర్ మనిషికి అకౌంటింగ్ తెలిసి ఉండాలని లేదు, ప్రకటనలోని మాట మీ కాగితంలో కనబడాలి. అలాగని ప్రకటనను మక్కికి మక్కి దించకండి, ఇట్టే దొరికిపోతారు. ఇక ప్రతి ఉద్యోగానికీ మొదలు, చివర నెల, సంవత్సరం, వారానికి గంటలు తప్పనిసరి. 2025 నుంచి రెజ్యూమె రెండు పేజీలు దాటకూడదన్న నియమం కూడా వచ్చింది కాబట్టి, పదిహేనేళ్ల కిందటి ట్రైనింగుల్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

అకౌంటెంట్ సిరీస్ 0510కి (అకౌంటెంట్ ఉద్యోగాల కోడ్ అది) డిగ్రీ దారిలో వెళితే అకౌంటింగ్‌లో 24 సెమిస్టర్ గంటలు, అంటే కాలేజీ క్రెడిట్లు, ఉండాలి. మన బీకామ్ మార్కుల మెమో నేరుగా పెడితే పనికిరాదు. గుర్తింపు ఉన్న సంస్థ చేత అమెరికా చదువుతో పోల్చి రిపోర్టు రాయించాలి. దానికి సమయం పడుతుంది, ముందే చేయించి పెట్టుకోండి.

పంపాక స్టేటస్ "రిఫర్డ్" అని మారితే మీ పేరు మేనేజర్ టేబుల్ మీదకు చేరినట్టు. ఉద్యోగం వచ్చినట్టు కాదు.

సెలెక్ట్ అయ్యాక మొదట వచ్చేది తాత్కాలిక ఆఫర్, అంటే ఇంకా ఖాయం కానిది. ఆపైన నేపథ్య విచారణ. నా పోస్టు భద్రతకు సంబంధించింది కావడంతో ఎస్‌ఎఫ్ 86 అనే పెద్ద ఫారం నింపాల్సి వచ్చింది. పదేళ్ల అడ్రసులు, విదేశాల్లో ఉన్న బంధువుల వివరాలు, అత్తమామల పుట్టిన తేదీలు కూడా. మా అత్తయ్యకి స్కూల్ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, పాస్‌పోర్టులో ఇంకోటి, ఆవిడ లెక్కలో మాత్రం "దసరా వెళ్లిన నాలుగో రోజు". పాస్‌పోర్టు తేదీ వేసి, కింద వివరణ రాశాను. దాని మీద ఎవరూ ఏమీ అడగలేదు. దాచడమే అసలు ప్రమాదం.

ఈ విచారణకు నెలలు పట్టొచ్చు. చేరే తేదీతో ఫైనల్ ఆఫర్ చేతికొచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి, ఆఫీసులో స్వీట్లు కూడా పంచకండి.