ఒంటరిగా ఉన్న రోజుల్లో మనసును బొమ్మగా వేసుకోవడం ఎలా?

1919లో, స్పానిష్ ఫ్లూ మహమ్మారి రోజుల్లో నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ తన బొమ్మ తానే వేసుకున్నాడు. పేము కుర్చీలో కూర్చున్న మనిషి, ఒళ్ళో దుప్పటి, తెరుచుకున్న నోరు, వెనక నలిగిన పక్క. పోలిక బాగా కుదరాలని వేసింది కాదది. ఆ గదిలో ఊపిరి ఎలా ఆడుతోందో అది వేశాడు. ఎక్స్‌ప్రెషనిజం అంటే ఇదే: కంటికి కనబడిందాన్ని కాక, లోపల ఎలా ఉందో దాన్ని వేయడం. ఇందుకు బొమ్మలు వేయడం వచ్చి ఉండక్కర్లేదు.

2020లో నేను పద్నాలుగు రోజులు ఒక్క గదిలో ఉన్నాను. వదిన అన్నం కంచం తలుపు బయట పెట్టి వెళ్ళిపోయేది. అప్పుడు మొదలుపెట్టిందే ఇది.

1. సామాను
నాలుగైదు ఏ3 డ్రాయింగ్ షీట్లు, పోస్టర్ కలర్స్‌లో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు, హార్డ్‌వేర్ షాపులో దొరికే అంగుళం వెడల్పు బ్రష్, ఒక పాత కంచం, నీళ్ళ మగ్గు, గుడ్డపీలిక. పెన్సిల్, రబ్బరు వద్దు. అవి చేతిలో ఉంటే చెరుపుకుంటూ కూర్చుంటాం. సన్నటి కుంచె కూడా వద్దు, కనురెప్పలు దిద్దాలనిపిస్తుంది.

2. ఒక్క వస్తువు
పది నిమిషాలు ఊరికే కూర్చోండి. టెన్షన్ ఎక్కడ పట్టుకుందో చూసుకోండి: మెడలోనా, కడుపులోనా, ఛాతీ మీదా? ఆ తర్వాత గదిలో మీ చూపు మాటిమాటికీ దేనిమీదికి పోతోందో ఆ వస్తువును ఎంచుకోండి. కిటికీ, ఫోను, ఖాళీ కుర్చీ, ఏదైనా సరే. నా చూపు తలుపు మీదే ఉండేది.

3. రంగు
ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆ వస్తువు ఏ రంగులో ఉందని కాదు, మీకు ఏ రంగులో అనిపిస్తోందని అడగండి. ముంక్ 1893లో వేసిన ‘ది స్క్రీమ్’ బొమ్మలో ఆకాశం ఎర్రగా అలలు తిరుగుతుంది. ఓ సాయంత్రం నడుస్తుంటే ఆకాశం నెత్తురులా మారిందని ముంక్ రాసుకున్నాడు కూడా. మా తలుపు లేత ఆకుపచ్చది. కాగితం మీద అది నల్లగా, సన్నగా, పైఅంచు దాకా సాగింది.

ఒక జాగ్రత్త. తడి మీద తడి వేస్తే రంగులన్నీ కలిసి బురదలా అవుతాయి. కింది రంగు ఆరాకే నలుపు వేయండి. ఫ్యాన్ కింద ఎంతోసేపు పట్టదు.

4. అరగంట
అలారం పెట్టుకుని ఆపకుండా వేయండి. తప్పు పోయిందనిపిస్తే దాని మీదే మళ్ళీ వేయండి. కోపంగా ఉంటే బ్రష్ వెనక్కి తిప్పి తడి రంగు మీద గీకండి. ఆ గీతల్లో చాలా బయటపడుతుంది.

5. వెనక్కి తిప్పి పెట్టడం
కాగితం వెనక తేదీ, టైమ్, ఒక్క వాక్యం రాసి గోడవైపు తిప్పి పెట్టండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. నలుగురూ చూస్తారనుకున్న క్షణం నుంచి చెయ్యి అబద్ధమాడుతుంది.

మర్నాడు తీసి మూడే చూడండి. కన్ను ముందు ఎక్కడికి పోయింది? ఏది ఉండాల్సినదానికన్నా పెద్దగా ఉంది? ఏది లేదు?

నా బొమ్మలో తలుపుకు గడియ లేదు. నిజం తలుపుకు ఉంది, అదీ నా వైపే. అక్క ఫోన్లు వారంగా ఎత్తనిది నేనే. ఆ సాయంత్రం చేశాను.

6. అదే బొమ్మ మళ్ళీ
ముంక్ అక్క సోఫీ 1877లో క్షయతో చనిపోయింది. ఆమెను తలుచుకుని వేసిన ‘ది సిక్ చైల్డ్’ను అతను 1885 నుంచి నలభై ఏళ్ళకు పైగా మళ్ళీ మళ్ళీ వేశాడు. మీరూ రెండు మూడు రోజులకోసారి అదే వస్తువును వేయండి.

బొమ్మ వేశాక మనసు ఇంకా బరువెక్కుతుంటే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే ఇది సరిపోదు. 1908లో ముంక్ కూడా కోపెన్‌హాగెన్‌లో ఆసుపత్రిలో చేరి నెలల తరబడి చికిత్స తీసుకున్నాడు. మన దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ పద్నాలుగు రోజుల్లో నేను తలుపును ఐదుసార్లు వేశాను. నాలుగోదాని కింది అంచున అన్నం కంచం వచ్చింది, పసుపు రంగులో.