తిరుపతిలో తక్కువ చూపున్నవాళ్లకు దారి చూపే యాప్ తయారుచేసేటప్పుడు

గ్లకోమా ముదిరితే పక్కచూపు పోయి నడిమి చూపు మిగులుతుంది. కంటి రెటీనా నడిమి భాగమైన మాక్యులా దెబ్బతింటే నడిమి చూపే మసకబారుతుంది. ఇద్దరికీ పనికిరావాలంటే తెర మీద ఒకసారికి ఒకే సూచన, ఎప్పుడూ ఒకే చోట ఉండాలి.

మామూలు సైజు అక్షరానికీ వెనకరంగుకూ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలంటుంది WCAG అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణం. తిరుపతి మే నెల ఎండలో అది చాలదు, 7:1 పెట్టండి. నలుపు మీద పసుపు, తెలుపు మీద నలుపు రెండూ ఇచ్చి ఎంచుకోనివ్వండి. శుక్లాలున్న కంటికి తెల్లటి తెర జిగేల్మంటుంది. బటన్లు 48 డీపీ (ఏ ఫోన్ తెర మీదైనా దాదాపు ఒకే సైజులో కనిపించే ఆండ్రాయిడ్ కొలత), మధ్య ఖాళీ 8 డీపీ.

అక్షరాలను 200 శాతానికి పెంచి చూడండి. తెలుగు తెగేది అక్కడే. వరుస ఎత్తును ఇంగ్లిష్ అక్షరాలకు సరిపెట్టి బిగిస్తే 'శ్రీనివాసం'లో పైన గుడిదీర్ఘం, కింద రావత్తు రెండూ కోసుకుపోతాయి. ఎత్తు బిగించకుండా వదిలేయండి.

మాటల్లోనూ జాగ్రత్త. '20 మీ.' అని రాస్తే ఫోన్ గొంతు 'ఇరవై మీ' అని చదివి ఊరుకోవచ్చు. 'మీటర్లు' అని పూర్తిగా రాయండి.

అసలు చిక్కు జీపీఎస్‌తో. ఆరుబయట కూడా ఫోన్ సుమారు 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. ఎత్తు మేడల నడుమ సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది. సన్నటి సందుల్లో 5 మీటర్లంటే పక్క సందే! అందుకే 'ఇప్పుడే ఎడమకు తిరగండి' అని కచ్చితంగా చెప్పించకండి. 20 మీటర్ల ముందు ఒకసారి హెచ్చరించి, మలుపు దగ్గర గుర్తు చెప్పించండి: 'గోవిందరాజస్వామి గోపురం మీకు ఎదురుగా ఉండాలి.' ఆకాశం మీద ఎత్తుగా నిలిచే గోపురం మసక చూపుకూ ఆనుతుంది. ప్రతి మలుపుకూ అలా కంటికి ఆనేదో, చెవికి వినపడేదో, కాలికి తగిలేదో ఒక గుర్తు స్వయంగా నడిచి నమోదు చేయండి.

ఎడమకు ఒక వైబ్రేషన్, కుడికి రెండు. వాహనాల చప్పుడు వినాలి కాబట్టి ఇయర్‌ఫోన్లతో రెండు చెవులూ మూయించకండి. రద్దీలో నెట్ మొరాయిస్తుంది, మ్యాపు ఫోన్‌లోనే ఉంచండి.

పరీక్షకు తక్కువ చూపున్నవాళ్లను రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం వసతిగృహం నుంచి బస్టాండు ఎదుట శ్రీనివాసం వసతిగృహం దాకా నడిపించండి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. తోడుగా ఒకరు చేతికందే దూరంలో ఉండాలి, ప్రమాదమైతే తప్ప నోరు విప్పకూడదు. నడిచేవాళ్లు ఆగిన ప్రతిచోటా ఫోన్ అప్పుడేం చెప్పిందో రాసుకోండి.